నాలుగు గోడల మధ్య ఫుట్‌బాల్: అయోవా బార్న్‌స్టార్మర్స్ గురించి మీరడిగినవి

గత సంచికలో అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరే ప్రధాన ఆటగాడు) కర్ట్ వార్నర్ గురించి రాస్తూ, ఆ దేశపు పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు రాకముందు ఆయన అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగరంలో అయోవా బార్న్‌స్టార్మర్స్ అనే ఇండోర్ జట్టుకు ఆడాడని ఒక్క వాక్యం రాశాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ ఒక్క వాక్యం గురించే. చాలా సంతోషం. ఎందుకంటే వార్నర్ కథ అందరూ చెబుతారు, ఆ జట్టు కథ మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: ఇండోర్ ఫుట్‌బాల్ అంటే స్టేడియంలో ఆడే ఆటనే పైకప్పు కింద ఆడటమా, లేక పూర్తిగా వేరే ఆటా?

వేరే ఆట అనుకోవడమే మంచిదండీ. బంతి అదే, హెల్మెట్లు అవే, ఢీకొట్టుకోవడం అదే, కానీ చోటు మారడంతో మిగతా అంతా మారిపోయింది. ఐస్ హాకీ ఆడే హాల్లో కృత్రిమ గడ్డి పరిచి ఆడతారు. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానం 100 గజాల పొడవు, 53 గజాలకు కొంచెం ఎక్కువ వెడల్పు ఉంటే, అరీనా ఫుట్‌బాల్‌లో, అంటే ఈ ఇండోర్ ఆట అసలు రూపంలో, పొడవు 50 గజాలు, వెడల్పు 85 అడుగులు, అంటే దాదాపు 28 గజాలే. జట్టుకు పదకొండు మంది కాకుండా ఎనిమిది మంది దిగుతారు. పక్కన గీత బదులు గోడ ఉంటుంది, దానికి మెత్తటి దిండ్లలాంటివి తొడుగుతారు. బంతి పట్టుకోవడానికి పరుగెత్తుకొచ్చిన రిసీవర్ ఆ గోడకి నడుము తగిలి, కాళ్లు గాల్లోకి లేచి, తలకిందులుగా మొదటి వరసలో కూర్చున్నవాళ్ల ఒళ్లో పడటం ఈ ఆటలో మామూలు. వాళ్లే అతన్ని లేపి, వీపు తట్టి మళ్లీ లోపలికి పంపిస్తారు. బంతి ప్రేక్షకుల్లోకి వెళ్తే పట్టుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లొచ్చు.

పంట్ కొట్టడం నిషేధం, అంటే నాలుగో ప్రయత్నంలో బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకునే అవకాశం లేదు. స్నాప్‌కి, అంటే బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించి ఆట మొదలుపెట్టడానికి, ముందే ఒక రిసీవర్ ముందుకు పరుగు అందుకోవచ్చు, డిఫెండర్ నిలబడి ఉండగానే అతను పూర్తి వేగంలో ఉంటాడు. గోల్ పోస్టుల మధ్య దూరం ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులు, ఇక్కడ 9 అడుగులు. అడ్డకమ్మీ అక్కడ 10 అడుగుల ఎత్తులో ఉంటే ఇక్కడ 15. ఆ పోస్టులకు రెండు పక్కలా పెద్ద వలలు బిగించి ఉంటాయి, వాటికి తగిలి వెనక్కి వచ్చిన బంతి ఇంకా ఆటలో ఉన్నట్టే. ఫీల్డ్ గోల్‌కి, అంటే పోస్టుల మధ్యలోంచి పోయేలా, తన్నిన బంతి గురి తప్పి వలకి తగిలి తిరిగొస్తే డిఫెన్స్ వాడు దాన్ని పట్టుకుని అవతలి చివరికి పరుగెత్తొచ్చు. ఇంకొకటి, నాకు బాగా నచ్చినది: చాలా ఏళ్లపాటు ఎక్కువమంది ఆటగాళ్లు అటాక్, డిఫెన్స్ రెండూ ఆడాల్సిందే. ఐరన్‌మ్యాన్ రూల్ అనేవారు. క్వార్టర్‌బ్యాక్, కిక్కర్, మరి కొందరు స్పెషలిస్టులకు తప్ప మిగతావాళ్లకి విశ్రాంతి ఉండేది కాదు. 2007లో ఆ నియమం ఎత్తేశారు. ఆట వేగం పెరిగింది కానీ దాని అసలు రుచి కొంత పోయిందనే నా అభిప్రాయం.

ప్రశ్న: ఈ ఆటను ఎవరు కనిపెట్టారు? నిజంగా పేటెంట్ ఉందా, ఆటకి కూడా పేటెంట్ ఇస్తారా?

ఇచ్చారు. కనిపెట్టినాయన జిమ్ ఫోస్టర్. 1981 ఫిబ్రవరిలో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇండోర్ సాకర్ ఆల్‌స్టార్ మ్యాచ్ చూస్తూ, సాకర్‌ని ఇలా హాల్లోకి తీసుకురాగలిగినప్పుడు ఫుట్‌బాల్‌ని ఎందుకు తీసుకురాకూడదు అనుకుని, చేతిలో ఉన్న పెద్ద కవరు మీదే మైదానం బొమ్మ గీసుకున్నాడు. దాన్ని 1986లో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫోర్డ్‌లో ఒక ప్రయోగ మ్యాచ్‌గా ఆడించి చూశారు. మరుసటి ఏడాది, 1987లో, నాలుగు జట్లతో అరీనా ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది: చికాగో, డెన్వర్, పిట్స్‌బర్గ్, వాషింగ్టన్.

పేటెంట్ 1990లో వచ్చింది. దాని ప్రాణం ఆ వలల్లోనే ఉంది. అది 2007లో ముగిసేదాకా వేరే ఇండోర్ లీగులు ఎన్ని పుట్టినా వలలు వాడుకోవడానికి వీల్లేకపోయింది. అందుకే అమెరికాలో ఇండోర్ ఫుట్‌బాల్ రెండు పాయలుగా నడిచింది, వలలున్న అరీనా ఫుట్‌బాల్ ఒకటి, వలల్లేని మిగతా లీగులు ఇంకొకటి. బార్న్‌స్టార్మర్స్ రెండింటిలోనూ ఆడిన జట్టు, ఇది గుర్తుంచుకోండి, కిందకి వెళ్లాక పనికొస్తుంది.

ప్రశ్న: అంత పెద్ద దేశంలో అయోవాలోనే ఎందుకు పెట్టారు? అక్కడ ఏముంది?

అక్కడ ఏమీ లేకపోవడమే కారణం. అయోవాకి ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు లేదు, మేజర్ లీగ్ బేస్‌బాల్ లేదు, బాస్కెట్‌బాల్‌లో ఎన్‌బీఏ లేదు, ఐస్ హాకీలో ఎన్‌హెచ్‌ఎల్ లేదు. కానీ ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం నిండుగా ఉంది. అయోవా సిటీలో హాక్‌ఐస్, ఏమ్స్‌లో అయోవా స్టేట్ సైక్లోన్స్, ఈ రెండు యూనివర్సిటీ జట్ల కోసం రాష్ట్రం రెండుగా చీలిపోయి కొట్టుకుంటుంది. కాలేజీ సీజన్ చలికాలంలో అయిపోతుంది, మళ్లీ శరదృతువు దాకా ఖాళీ. ఆ ఖాళీలో, ఎండాకాలంలో ఆడే ఆట ఇది. ఫోస్టర్ లీగ్ కమిషనర్ పదవి వదిలేశాక తానే వచ్చి 1995లో డెమోయిన్‌లో ఈ జట్టు పెట్టాడు. ఆట కనిపెట్టినవాడే జట్టు యజమాని అన్నమాట.

కోచ్‌గా జాన్ గ్రెగరీని తెచ్చారు. ఆయన కెనడాలో సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్‌కి 1989లో గ్రే కప్, అంటే అక్కడి ఫుట్‌బాల్ లీగ్ టైటిల్, గెలిపించిన మనిషి, కాబట్టి మామూలు ఎంపిక కాదు. అప్పట్లో ఆడే చోటు వెటరన్స్ మెమోరియల్ ఆడిటోరియం, ఊళ్లోవాళ్లు ముద్దుగా ‘బార్న్’ అనేవారు. 1955 నాటి కట్టడం, దశాబ్దాలపాటు రాష్ట్ర స్థాయి బాలికల బాస్కెట్‌బాల్ పోటీలు జరిగిన హాలు, అయోవాలో దాని గడప తొక్కని కుటుంబం తక్కువేనేమో. జట్టు పేరు 1920ల్లో ఊరూరా తిరిగి విమాన విన్యాసాలు చేసిన పైలట్ల మీదుగా వచ్చింది, హెల్మెట్ మీద పైలట్ కళ్లద్దాలు గీశారు. ఫోటో దొరికితే చూడండి. ఎదురుగా వస్తున్న ఆటగాడి తల నిజంగానే తోలు టోపీ, గాగుల్స్ పెట్టుకున్న పాతకాలపు పైలట్‌లా కనిపిస్తుంది. ఆ రోజుల్లో ఏ పెద్ద లీగులోనూ అంత అందమైన హెల్మెట్ లేదని నేను గట్టిగా చెప్పగలను.

ప్రశ్న: సూపర్‌మార్కెట్‌లో సామాన్లు సర్దేవాడు సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిచాడన్న కథ నిజమేనా? కొంచెం సినిమా కథలా ఉంది.

నిజమే, కానీ మధ్యలో ఐదేళ్లు మింగేసి చెబుతారు, దానిమీదే నాకు కోపం. వరసగా చెబుతాను. వార్నర్ అయోవా కుర్రాడు, సీడర్ ర్యాపిడ్స్‌లో పెరిగాడు. నార్తర్న్ అయోవా యూనివర్సిటీలో చివరి సంవత్సరం దాకా బెంచీ మీదే కూర్చున్నాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 1994 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. గ్రీన్ బే ప్యాకర్స్ శిక్షణ శిబిరానికి పిలిచారు కానీ అక్కడ అప్పటికే బ్రెట్ ఫార్వ్, మార్క్ బ్రూనెల్, టై డెట్మర్ ఉన్నారు, ఇతనికి చోటెక్కడిది? సీజన్ మొదలవకముందే పంపించేశారు. అప్పుడు సీడర్ ఫాల్స్‌లో హై-వీ అనే సూపర్‌మార్కెట్‌లో రాత్రి షిఫ్టులో అరల్లో సరుకు సర్దే పని, గంటకి ఐదున్నర డాలర్లు.

ఇక్కడినుంచి చాలామంది ఒక్క గెంతులో 2000 జనవరి నాటి సూపర్ బౌల్‌కి వెళ్లిపోతారు. మధ్యలో బార్న్‌స్టార్మర్స్‌తో మూడు సీజన్లున్నాయండీ. 1995లో 43 టచ్‌డౌన్ పాసులు (అవతలి చివరి గీత దాటి పాయింట్లు తెచ్చిన పాసులు), 1996లో 61, 1997లో 79, మొత్తం 183. చివరి రెండేళ్లూ లీగ్ మొత్తంలోని మేటి ఆటగాళ్లతో ప్రకటించే మొదటి జట్టుకు ఎంపికయ్యాడు. మొదట్లో తడబడ్డాడు కూడా, ఎందుకంటే కాలేజీలో అలవాటైన సమయం ఇక్కడ దొరకదు. మైదానం సగమే ఉన్నప్పుడు బంతి చేతిలో ఉంచుకుని ఆలోచించడానికి లేదు, రిసీవర్ తిరగకముందే, అతను తిరగబోయే చోటికి బంతి వదిలేయాలి. గోడ పక్కన ఒక అడుగు సందులో పెట్టాలి. 1999లో సెయింట్ లూయిస్ రామ్స్‌తో ఆయన చేసింది సరిగ్గా ఇదే, కాకపోతే రెట్టింపు వెడల్పున్న మైదానంలో. డిఫెన్స్ దగ్గరికొచ్చేలోపు బంతి వెళ్లిపోయేది. ఆ చెయ్యి హై-వీ అరల దగ్గర తయారవ్వలేదు, డెమోయిన్‌లో తయారైంది.

ఆ తర్వాత కూడా దారి తిన్నగా లేదు. 1997లో చికాగో బేర్స్ ట్రయల్‌కి పిలిస్తే, హనీమూన్‌లో ఏదో పురుగు, సాలీడే అయ్యుంటుందని ఆయన చెబుతాడు, మోచేతికి కుట్టి చెయ్యి వాచిపోయి వెళ్లలేకపోయాడు. రామ్స్ తీసుకుని 1998 వసంతంలో ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్‌కి, ఆమ్‌స్టర్‌డామ్ అడ్మిరల్స్‌కి పంపారు. 1999 ఆగస్టులో సన్నాహక మ్యాచ్‌లో అసలు క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింటే గాని అవకాశం రాలేదు. ఆ సీజన్‌లో పాసింగ్‌లో 4,353 గజాలు, 41 టచ్‌డౌన్లు, లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. సూపర్ బౌల్‌లో టెనెసీ టైటన్స్ మీద 23-16 గెలుపు, 414 గజాల పాసింగ్, అప్పటికి అది రికార్డు. ఆయన్ని 2011లో అరీనా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, 2017లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. రెండింటిలోనూ ఉన్నవాడు ఆయనే.

ప్రశ్న: అంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఉన్నప్పుడు బార్న్‌స్టార్మర్స్ ఎన్ని టైటిళ్లు గెలిచారు?

వార్నర్ ఉండగా ఒక్కటీ లేదు. రెండుసార్లు ఫైనల్‌కి వెళ్లి రెండుసార్లూ ఓడిపోయారు. 1996 ఫైనల్ సొంత హాల్లోనే, పదకొండు వేలమందికి పైగా జనం ముందు, టాంపా బే స్టార్మ్‌తో. 42-38. నాలుగు పాయింట్లంటే ఈ ఆటలో ఒక్క టచ్‌డౌన్ కూడా కాదు. మరుసటి ఏడాది అరిజోనా రాట్లర్స్‌తో ఫీనిక్స్‌లో, అది మాత్రం 55-33, సందేహం లేని ఓటమి. డెమోయిన్‌లో పాత అభిమానులు రెండోదాని గురించి పెద్దగా మాట్లాడరు, మొదటిదే తవ్వుకుంటారు. సహజమే కదా, చిత్తుగా ఓడిన మ్యాచ్ మర్చిపోవచ్చు, నాలుగు పాయింట్ల తేడా మాత్రం మర్చిపోలేం.

ప్రశ్న: ఆ జట్టు న్యూయార్క్‌కి వెళ్లిపోయిందని ఒకచోట, డెమోయిన్‌లోనే ఉందని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

రెండూ నిజమే, ఈ ప్రశ్నకి కాస్త పొడుగ్గానే జవాబు చెప్పాలి.

1999, 2000 నాటికి వార్నర్ పుణ్యమా అని దేశమంతా అరీనా ఫుట్‌బాల్ వైపు చూసింది. లీగ్‌కి పెద్ద నగరాల మీద మోజు పెరిగింది. సరిగ్గా ఆ సమయంలోనే బార్న్‌స్టార్మర్స్ ఫ్రాంచైజీ చేతులు మారింది. న్యూయార్క్ ఐలాండర్స్ హాకీ జట్టు యజమాని చార్ల్స్ వాంగ్ తీసుకుని, 2001 సీజన్‌కి లాంగ్ ఐలండ్‌లోని నసావ్ కొలీజియం అనే హాలుకి తరలించి న్యూయార్క్ డ్రాగన్స్ అని పేరు పెట్టాడు. కోచ్ గ్రెగరీ కూడా వెళ్లాడు. అంటే వార్నర్‌ని తయారుచేసిన ఊరు, ఆ ఘనతకి దేశం చప్పట్లు కొడుతున్న రోజుల్లోనే తన జట్టుని పోగొట్టుకుంది. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, అప్పటి లెక్కలు ఎవరు ఎలా చెప్పినా సరే.

పేరు మాత్రం అయోవాలోనే ఉండిపోయింది. అదే 2001లో అరీనా లీగ్ వారి చిన్న లీగు ఏఎఫ్2లో బార్న్‌స్టార్మర్స్ పేరుతో కొత్త జట్టు దిగింది. ఏఎఫ్2 అంటే చిన్న ఊళ్ల కోసం 2000లో పెట్టిన రెండో అంచె, అయోవా-ఇల్లినాయ్ సరిహద్దులో ఉన్న క్వాడ్ సిటీస్ జట్టు స్టీమ్‌వీలర్స్ మొదటి ఏడాదే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టింది. పక్కనున్న వాళ్లు అంత బాగా నడుపుతుంటే డెమోయిన్ ఒక్క సీజన్‌కే చాలించుకుంది. పెద్ద లీగ్ ఫైనల్స్ చూసిన ఊరికి రెండో అంచె ఆట చూపిస్తే జనం ఎందుకు వస్తారు? కనీసం వెంటనే రారు.

తర్వాత ఆరేళ్లు ఏమీ లేదు. ఈలోపు డెమోయిన్‌లో 2005లో కొత్త హాలు వచ్చింది, అప్పటి పేరు వెల్స్ ఫార్గో అరీనా, పాత బార్న్ పక్కనే. 2008లో మళ్లీ ఏఎఫ్2లోనే, ఈసారి కొత్త హాల్లో బార్న్‌స్టార్మర్స్ లేచింది. జరిగిన విచిత్రం చూడండి. ఆ ఏడాది చివర్లోనే అసలు అరీనా లీగ్ డబ్బుల్లేక 2009 సీజన్ రద్దు చేసుకుంది, న్యూయార్క్ డ్రాగన్స్ అక్కడితో ఖతం. అంటే పెద్ద నగరానికి తరలిపోయిన ఫ్రాంచైజీ చచ్చిపోయింది, చిన్న ఊళ్లో అదే పేరుతో మళ్లీ మొదలైన జట్టు 2009లో మ్యాచ్‌లు ఆడుకుంటోంది. లీగ్ దివాలా తీశాక దాని ఆస్తులను కొందరు కలిసి కొనుక్కుని 2010లో మళ్లీ మొదలుపెట్టారు, అప్పుడు బార్న్‌స్టార్మర్స్ తిరిగి పై అంచెకి ఎక్కింది. 2014 దాకా అక్కడ ఆడి, 2015లో ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఐఎఫ్‌ఎల్‌కి మారింది. వలల్లేని పాయ అని పైన చెప్పింది ఇదే. ఆ మార్పు అప్పుడు కొందరికి మెట్టు దిగినట్టు అనిపించింది. కానీ వదిలేసి వచ్చిన అరీనా లీగ్ ఏడాదికేడాది జట్లు రాలిపోతూ 2019లో మళ్లీ దివాలా తీసింది. దగ్గర్లోనే ఉన్న జట్లతో, బస్సులో వెళ్లి రాగలిగిన దూరాలతో, చిన్న ఖర్చుతో నడిచే లీగ్‌కి మారడం ఆ జట్టు చేసిన అత్యంత తెలివైన పని.

ఇప్పుడు మీ ప్రశ్న. కాగితం మీద చూస్తే వార్నర్ ఆడిన ఫ్రాంచైజీ న్యూయార్క్‌లో 2008తో ముగిసింది, 2008లో డెమోయిన్‌లో మొదలైనది వేరే సంస్థ. కానీ ఊరు, పేరు, హెల్మెట్, చాలావరకు ప్రేక్షకులు అవే. 1996లో నాన్న భుజాలమీద కూర్చుని చూసినవాడు తర్వాత తన పిల్లల్ని తీసుకెళ్లి ‘మన జట్టు’ అన్నప్పుడు, ఫ్రాంచైజీ ఒప్పందం తెచ్చి చూపించి కాదు అనగలమా? నేనైతే అనను. జట్టు డెమోయిన్‌దే.

ప్రశ్న: ఆటగాళ్లకి జీతాలు ఎలా ఉంటాయి?

బతకడానికి సరిపోవు. మంచి రోజుల్లో, అంటే టీవీ ఒప్పందాలున్న 2000ల మధ్యలో, అరీనా లీగ్‌లో ఇది పూర్తికాల ఉద్యోగం లాగానే ఉండేది. 2010లో తిరిగి మొదలైనప్పుడు మాత్రం మ్యాచ్‌కి దాదాపు 400 డాలర్లకి దిగిపోయింది. సీజన్ కొన్ని నెలలే, మిగతా కాలమంతా వేరే పని చూసుకోవాలి. ఇన్సూరెన్సూ గాయాల టెన్షన్ సరేసరి. అయినా వస్తారు, ఎందుకంటే కొత్త వీడియో టేపు కావాలి. కాలేజీ అయిపోయిన కుర్రాడి ఆట రెండేళ్లుగా ఎవరూ చూడకపోతే స్కౌట్, అంటే పెద్ద జట్ల కోసం ఆటగాళ్లను వెతికేవాడు, ఫోన్ ఎత్తడు.

ప్రశ్న: బార్న్‌స్టార్మర్స్ ఎప్పుడైనా టైటిల్ గెలిచిందా, లేదా?

గెలిచింది! 2018 జులైలో, ఐఎఫ్‌ఎల్ ఫైనల్ యునైటెడ్ బౌల్‌లో, డెమోయిన్‌లోనే. స్కోరు 69-68.

ఆ అంకెలు మళ్లీ చదవండి. అరవై నిమిషాల ఆటలో 137 పాయింట్లు, నిమిషానికి రెండుకి పైన, పైగా ఎక్కువ సమయం గడియారం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగా ఉన్నది సూ ఫాల్స్ స్టార్మ్, దక్షిణ డకోటా జట్టు. దాని సంగతి తెలియకపోతే ఈ గెలుపు విలువ తెలియదు. సూ ఫాల్స్ 2011 నుంచి 2016 దాకా వరసగా ఆరుసార్లు ఐఎఫ్‌ఎల్ ఛాంపియన్, అంతకుముందు వేరే లీగులో 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగుసార్లు. ఇండోర్ ఫుట్‌బాల్‌లో ఫైనల్ అంటే సూ ఫాల్స్, మిగతావాళ్లెవరన్నదే ప్రశ్న అన్నట్టుండేది. అలాంటి జట్టుని ఒక్క పాయింట్‌తో, ఇరవై రెండేళ్ల క్రితం నాలుగు పాయింట్లతో ఫైనల్ పోగొట్టుకున్న ఊళ్లోనే ఓడించారు.

ఇంత స్కోరులో ఒక్క పాయింట్ తేడా ఎలా వస్తుందని మరో ఉత్తరంలో అడిగారు. ఐఎఫ్‌ఎల్ నియమాల్లో చిల్లర పాయింట్లు చాలా ఉన్నాయి. ఆట మొదలుపెట్టే తన్ను కిక్‌ఆఫ్‌ని నేరుగా అవతలి గోల్ పోస్టుల మధ్యలోంచి కొట్టేస్తే 2 పాయింట్లు, దాన్ని డ్యూస్ అంటారు. కిక్‌ఆఫ్ అందుకున్నవాణ్ణి ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) దాటి బయటికి రానివ్వకుండా పడేస్తే ఒక పాయింట్. బంతిని నేల మీద ఒకసారి తాకించి తన్నే డ్రాప్ కిక్ అయితే ఫీల్డ్ గోల్‌కి మూడు కాదు నాలుగు, టచ్‌డౌన్ తర్వాతి కిక్‌కి ఒకటి కాదు రెండు. అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో టచ్‌డౌన్ అవగానే జనం బాత్రూంకి లేస్తారు కానీ ఇక్కడ కిక్కర్ నడిచొచ్చినప్పుడు హాలంతా లేచి నిలబడుతుంది. ఇరుకైన సందు, ఎదురుగా చేతులు పైకెత్తి గెంతే మనుషులు. ఎంత మంచి కిక్కరైనా తప్పుతాడు, ఆ తప్పులే చివర్లో లెక్క తేలుస్తాయి.

ప్రశ్న: వార్నర్ ఒక్కడేనా, ఇంకెవరైనా ఇలా చిన్న ఇండోర్ జట్టు నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లి నిలబడ్డారా?

ఉన్నారు, వాళ్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు ఫ్రెడ్ జాక్సన్. నిజం చెప్పాలంటే ఆయన దారి వార్నర్ దారికన్నా కష్టమైనది, ఎందుకంటే వార్నర్ ఆడింది కనీసం అరీనా లీగ్, దాన్ని టీవీలో చూపించేవారు. జాక్సన్ ఆడింది సూ సిటీ బ్యాండిట్స్‌కి, వలల్లేని పాయలో, అరీనా లీగ్ కన్నా కిందున్న లీగుల్లో. సూ సిటీ కూడా అయోవాలోదే, రాష్ట్రం పడమటి అంచున. చదివింది కో కాలేజీ, వార్నర్ పెరిగిన సీడర్ ర్యాపిడ్స్‌లోనే ఉంది, మూడో డివిజన్ కాలేజీ, స్కౌట్లు తొంగి చూడని చోటు. 2004, 2005 రెండు సీజన్లు బ్యాండిట్స్‌తో గడిపాడు.

అదృష్టం ఎలా కలిసొచ్చిందంటే, 2006లో బఫెలో బిల్స్ జనరల్ మేనేజర్‌గా ఉన్నది మార్వ్ లెవీ, ఆయన కూడా కో కాలేజీలోనే చదివాడు. తన కాలేజీ కుర్రాడని శిబిరానికి పిలిచాడు. పిలిచింది ఆయనే కానీ చోటు సంపాదించుకున్నది జాక్సనే, అదీ వెంటనే కాదు. ముందు ఎన్‌ఎఫ్‌ఎల్ యూరప్‌లో రైన్ ఫైర్‌కి ఆడి వచ్చాడు, తర్వాత బిల్స్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే సాధనకే తప్ప మ్యాచ్‌లకి దింపని ఆటగాళ్ల బృందంలో, మగ్గాడు, 2007లో గాని మ్యాచ్‌లో దిగలేదు, అప్పటికి వయసు ఇరవై ఆరు. బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్‌బ్యాక్‌ల్లో చాలామంది అలిసిపోయే వయసు అది. ఈయన 2014 దాకా బఫెలోలోనే ఆడాడు, ఆ ఊరి అభిమానులు నెత్తిన పెట్టుకున్నారు.

2009 సీజన్ లెక్క చూడండి: రన్నింగ్‌లో 1,062 గజాలు, కిక్‌ఆఫ్ రిటర్న్స్‌లో 1,014 గజాలు. ఒకే సీజన్‌లో రెండూ వెయ్యి దాటించినవాడు ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అంతకుముందు ఒక్కడూ లేడు.